వంపు దగ్గరే కుర్చీ చెయ్యి ఎందుకు విరుగుతోంది? చెక్కడానికి ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ప్రశ్న: నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నగారి కోసం శిల్పంలా ఒంపులు తిరిగిన చేతుల కుర్చీ ఒకటి సొంతంగా చేద్దామని మూడంగుళాల మందం టేకు పలక కొన్నాను. యాంగిల్ గ్రైండర్‌కి కార్వింగ్ డిస్క్ బిగించి చెక్కుతున్నాను. వెనక్కాలి నుంచి ముందుకు వంగి వచ్చే చెయ్యిని ఒకే ముక్కలో చెక్కితే వంపు దగ్గర విరిగిపోయింది. రెండోదీ సరిగ్గా అక్కడే విరిగింది, ఫొటోలు పంపుతున్నాను. టేకు నాసిరకమా? డిస్క్ మార్చాలా? అసలు చెక్కడం ఎక్కడ మొదలుపెట్టాలి? తర్వాతి కుర్చీ రోజ్‌వుడ్‌తో చేయాలని కూడా ఉంది.

సమాధానం:

విరిగిన ముక్కల ఫొటోలు చూశాను. విరుపు అడ్డంగా, పొట్టిగా ఉంది. పొడుగాటి పీచులు ఎక్కడా లేవు. చెక్క రంగు, గీతలు చూస్తే చేవ బాగా ఉన్న టేకే. డిస్క్‌తో కూడా ఇబ్బంది లేదు. మీరు చెయ్యిని వంచారు గానీ లోపలి నార, అంటే చెక్క పొడవునా సాగే పీచు, వంగలేదు. పలకలో నార తిన్నగా సాగిపోతోంది. దాని మీద ఎల్ ఆకారం గీసి కోస్తే ఒక భాగంలో నార పొడవునా వస్తుంది, మలుపు తిరిగాక అదే నార అడ్డం పడుతుంది. చెయ్యి విరిగింది అక్కడే. ఇంకో పలక కొని ఇలాగే కోస్తే అదీ విరుగుతుంది.

చెక్క బలమంతా నార వెంబడే ఉంటుంది. నార వెంబడి లాగితే ఎంత తట్టుకుంటుందో, నారకు అడ్డంగా లాగితే అందులో ఇరవయ్యో వంతు కూడా తట్టుకోదు. పూర్తిగా అడ్డం పడకపోయినా, కాస్త వాలితేనే నష్టం మొదలవుతుంది. పది అంగుళాల పొడవులో నార ఒక అంగుళం పక్కకు వాలితే ఆ ముక్క వంగుడును తట్టుకునే బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఐదు అంగుళాలకే ఒక అంగుళం వాలితే ఇంచుమించు సగం పోతుంది. పెద్దవాళ్లు కుర్చీలోంచి లేచేటప్పుడు ఒంటి బరువంతా చేతుల మీదే వేస్తారు. కాబట్టి ఇక్కడ అందం సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఇది భద్రతకు సంబంధించిన విషయం.

మన ఊళ్లలో నాగలి చేసే వడ్రంగులు తిన్నటి దుంగలోంచి వంపు కోసేవాళ్లు కాదు. సరిగ్గా ఆ వంపుతోనే పెరిగిన తుమ్మ కొమ్మ ఎక్కడుందో వెతికేవాళ్లు. కొమ్మ వంగిన చోట నార కూడా దానితోపాటే వంగి ఉంటుంది. శిల్పంలాంటి ఫర్నిచర్‌కి ఇంతకంటే ముఖ్యమైన సూత్రం నాకు తెలియదు. రూపం ఎటు పోతుందో నార అటు పోవాలి. పోకపోతే, పోయేలా మనం ఏర్పాటు చేయాలి.

అందుకు మూడు దారులున్నాయి. ఒకటి, ఆవిరి పట్టి వంచడం. దీనికి గాలికి ఆరిన, ఇంకా కొంచెం తేమ ఉన్న చెక్క కావాలి. అంగుళం మందానికి గంట ఆవిరి అనేది పాత లెక్క. బట్టీలో బాగా ఆరబెట్టిన చెక్క సరిగ్గా వంగదు, పగుళ్లిస్తుంది. ఇంట్లో చేసే మొదటి కుర్చీకి ఈ పద్ధతి వద్దంటాను.

రెండోది, పలకను రెండు మూడు మిల్లీమీటర్ల బద్దలుగా కోసి, జిగురు రాసి, ప్లైవుడ్ మూసకు క్లాంపులతో బిగించడం. నార మొత్తం వంపు వెంబడే తిరుగుతుంది కాబట్టి బలానికి లోటుండదు. అమెరికాలో సామ్ మలూఫ్ (1916–2009) చేసిన ఊగుడు కుర్చీలు చూసే ఉంటారు. కింద నేల మీద ఊగే ఆ పొడవాటి వంపు బద్దీలు ఇలా పొరలు అతికించి చేసినవే. కోసిన బద్దలకు వరసగా నంబర్లు వేసి, అదే వరసలో అతికిస్తే ఒకే చెక్కలా కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ బిగువులో ఉండే వంపుల్లో నెమ్మదిగా జారుతుంది. ఎపాక్సీ వాడండి. మూస విప్పగానే వంపు కాస్త వెనక్కి తెరుచుకుంటుంది, అందుకే మూసను కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ వంపుతో చేసుకోవాలి.

మూడోది మీకు నేను గట్టిగా చెప్పేది. వంపు ఉన్న చోటే ముక్కను రెండుగా విడదీయండి. వెనక్కాలు ఒక ముక్క, చెయ్యి ఇంకో ముక్క. ఏ ముక్కలో నార ఆ ముక్క పొడవునా సాగాలి. రెండూ కలిసే చోట గట్టి జాయింట్ వేసి, అతికాక, ఆ జాయింట్ మీదుగా ఒంపు చెక్కాలి. చూసేవాళ్లకు చెయ్యి కాలులోంచి మొలిచినట్టే ఉంటుంది. మలూఫ్ కుర్చీల్లో మనకు శిల్పంలా అనిపించే చోట్లన్నీ నిజానికి జాయింట్లే. కూర్చునే పలకకు గాడి తీసి, కాలుకు దానికి సరిపోయే గాడి తీసి, జిగురు, స్క్రూలతో బిగించి, స్క్రూ తలల మీద చెక్క బిళ్లలు కొట్టి, ఆ తర్వాతే ఆకురాయి పట్టేవాడాయన. మీరు అడిగిన ‘ఎక్కడ మొదలుపెట్టాలి’ అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. చెక్కడం చివరి పని. కొలతలన్నీ పక్కాగా ఉండాల్సిన పని అంతకు ముందే, చెక్క ఇంకా నలుచదరంగా ఉన్నప్పుడే, అయిపోవాలి. ఒకసారి ఒంపు తిరిగాక మూలమట్టం ఆనించడానికి తిన్నటి చోటు ఎక్కడా మిగలదు.

అమెరికాలోనే ఇలాంటి పని చేసిన ఇంకో పెద్దాయన వెండెల్ కాజిల్ (1932–2018). ఆయన 1960ల్లో పలకల్ని ఒకదాని మీద ఒకటి దొంతరగా అతికించి, వచ్చిన దిమ్మెను శిల్పిలాగే చెక్కేవాడు. ప్రతి పొరనూ ముందే రూపానికి దగ్గరగా కోసి అతికిస్తే చెక్క వృథా తగ్గుతుంది, చెక్కే శ్రమా తగ్గుతుంది. బరువైన పీట, బల్ల దిమ్మె లాంటివాటికి ఇది బాగుంటుంది. సన్నటి కుర్చీ చేతులకు వద్దు, అక్కడ మళ్లీ అడ్డనార సమస్యే వస్తుంది.

ఇక పలక ముట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఉత్తుత్తి కుర్చీ ఒకటి చేయండి. పాత ప్లైవుడ్, థర్మోకోల్, ప్యాకింగ్ చెక్కలు ఏవైనా సరే, అసలు సైజులో చేయాలి. దాంట్లో నాన్నగారిని కూర్చోబెట్టండి. పుస్తకాల్లో సీటు ఎత్తు 42–45 సెంటీమీటర్లు, లోతు 40–43, చేతులు సీటు నుంచి 20–23 సెంటీమీటర్ల ఎత్తు అని ఉంటుంది. మొదలుపెట్టడానికి ఈ కొలతలు చాలు, కానీ వాటితోనే ఆగిపోవద్దు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే సీటు 46–48 దాకా ఎత్తండి, లోతు పెంచకండి, వీపు మరీ వెనక్కి వాల్చకండి. లోతుగా, వాలుగా ఉన్న కుర్చీలో కూర్చోవడం హాయిగా ఉంటుంది గానీ లేవడం నరకం. చేతుల కొసలు సీటు ముందు అంచు దాకా రావాలి, పట్టుకుని లేవడానికి గుప్పెట్లో ఇమడాలి.

మన పెద్దవాళ్లలో చాలామంది కుర్చీలో కూడా బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పాశ్చాత్య కుర్చీ బొమ్మల్ని చూసి కొలతలు దించుకునే మనవాళ్లు ఈ సంగతి పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధే. నాన్నగారికి ఆ అలవాటుంటే రెండు చేతుల మధ్య 60–65 సెంటీమీటర్లు ఉంచండి, సీటు ముందు అంచును బాగా గుండ్రం తిప్పండి. అప్పుడు కుర్చీ రూపమే మారిపోతుంది, వెడల్పుగా, నిదానంగా కనిపిస్తుంది. ఆ రూపాన్ని ఆయన కూర్చునే తీరే నిర్ణయించింది కాబట్టి ఎవరి కుర్చీకీ నకలులా ఉండదు.

తర్వాత తేమ. మీ పలక ఎన్నాళ్లు ఆరిందో రాయలేదు. మైసూరు రోడ్డు వైపు టింబర్ యార్డుల్లో ‘సీజన్ అయిందండీ’ అన్న మాట అందరూ అంటారు. ఆ మాట పట్టుకుని పని మొదలుపెట్టకండి. తేమ కొలిచే చిన్న మీటర్ కొనుక్కోండి, లేదా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పలక కొసన కాకుండా కాస్త లోపలి నుంచి చిన్న ముక్క కోసి, తూకం వేసి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి, మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం వస్తుంది. అది 12 లోపు ఉంటే పని చేసుకోవచ్చు. ఎక్కువుంటే పలకల మధ్య బద్దీలు పెట్టి, కొసలకు మైనమో పెయింటో పూసి, నీడలో పేర్చి ఆగాల్సిందే.

బెంగళూరు గాలి చెక్కకు నెమ్మదైనదని అనుకుంటారు గానీ మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలు ఇక్కడ బాగా పొడిగా ఉంటాయి. చెక్కలో తేమ వేసవిలో 7–8 శాతానికి దిగి, వానల్లో 13–14 దాకా ఎక్కుతుంది. టేకు మిగతా చెక్కలకంటే తక్కువ కదులుతుంది, అయినా కదులుతుంది. దుంగను అడ్డ పలకలుగా కోసిన టేకుతో 50 సెంటీమీటర్ల వెడల్పు సీటు చేస్తే ఈ తేడాకు అది ఆరు మిల్లీమీటర్ల దాకా పెరిగి తగ్గొచ్చు. దుంగ కేంద్రం వైపుగా కోసిన పలక అయితే అందులో సగం. ఏ పలక ఎలాంటిదో కొసన వలయాలు చూస్తే తెలుస్తుంది. వలయాల గీతలు పలక వెడల్పు ముఖానికి నిలువుగా నిలబడినట్టు ఉంటే అది కేంద్రం వైపుగా కోసిన పలక, దాన్ని సీటుకు పెట్టుకోండి. కుర్చీ అనంతపురమో కర్నూలో వెళ్లేదైతే ఇంకా పొడి గాలికి వెళ్తుందని గుర్తుంచుకోండి. చెన్నైలో చేసిన ఫర్నిచర్ రాయలసీమ ఎండలకు వచ్చి జాయింట్లు విప్పుకోవడం చాలా చూశాను.

చెక్క కదలికను దాచకుండా ఒప్పుకుని పనిచేసిన మనిషి అమెరికన్ ఫర్నిచర్ కళాకారుడు జార్జ్ నకషిమా (1905–1990). పగులున్న పలకను పారేయకుండా, సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్ల దించి పగులును ఆపేవాడు. ఆయన 1930ల చివర్లో పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వసతి గృహం గోల్కొండ్ కట్టడానికి వచ్చాడు. దానికి ఆ పేరు రావడానికి కారణం నిజాం దివాను సర్ అక్బర్ హైదరీ ఇప్పించిన విరాళం. తెలుగు నేల పేరు పెట్టుకున్న ఆ ఇంటి నిర్మాణంలో పనిచేసిన మనిషి తర్వాత అమెరికా చెక్కపనినే మలుపు తిప్పాడని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మీ పలక కొసన చిన్న పగులు కనిపిస్తోంది. సీటు కింద వైపుకు తిప్పి అలాంటి బిళ్ల ఒకటి దించితే చాలు, కోసి పారేయక్కర్లేదు.

ఇక జాయింట్లు. ఒక ముక్కకు బెజ్జం తొలిచి, రెండో ముక్క కొసను దానికి బిగువుగా దిగేలా కోసే పాత పద్ధతే అన్నిటికంటే నమ్మకమైనది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది జిగురును పట్టనివ్వదు. అతికించే ముందు ఆ ముఖాల్ని అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాయండి. చెక్కితే జాయింట్ ఎక్కడ బయటపడుతుందో అన్న భయం ఉంటుంది కదా, దానికి నేను చేసే పని ఇది: అతికించకముందే లోపలి కొస ఎంత దూరం వచ్చిందో పైన పెన్సిల్‌తో గీసుకుంటాను. ఆ గీత చుట్టూ ఎనిమిది పది మిల్లీమీటర్లు చెక్క మిగలాల్సిందే. బ్యాండ్‌సా (పట్టీలా తిరిగే రంపం యంత్రం) మీద వంపులు కోసినప్పుడు వచ్చే బయటి ముక్కల్ని పారేయకండి. వంపు ముక్కకు క్లాంప్ వేయాలంటే అవి తిరిగి ఆనించుకోవడానికి కావాలి.

అన్నీ అతికి, కుర్చీ మొరటుగా నిలబడ్డాక చెక్కడం మొదలవుతుంది. ఒకేసారి గుండ్రంగా చేయాలని చూడకండి. నలుచదరాన్ని ముందు ఎనిమిది పలకలు చేయాలి, తర్వాత పదహారు, తర్వాతే గుండ్రం. ఎనిమిది పలకలకు ఓడ స్తంభాలు చేసేవాళ్ల కొలత ఒకటుంది: ముఖం వెడల్పును 7, 10, 7 నిష్పత్తిలో విడదీసి గీతలు గీసి, మూలల్ని ఆ గీతల దాకా తీసేయడం. చెయ్యి 60 మిల్లీమీటర్ల వెడల్పైతే అంచుల నుంచి పదిహేడున్నర చొప్పున వస్తుంది. ఇలా చేస్తే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒక్కలాగే వస్తాయి. కంటి అంచనాతో గ్రైండర్ పెడితే రెండూ ఎప్పటికీ కలవవు.

గ్రైండర్ ఎక్కువ చెక్క తీసేయడానికి మాత్రమే వాడండి, గీతకు మూడు నాలుగు మిల్లీమీటర్ల ముందే ఆపేయండి. గొలుసు పళ్ల డిస్క్ మీ దగ్గర ఉంటే పక్కన పెట్టేయండి. అది చెక్కలో ఇరుక్కుంటే యంత్రం మీ మీదికే ఎగురుతుంది. గార్డు తీయకుండా, రెండు చేతులతో పట్టుకుని, కళ్లద్దాలు, మంచి మాస్క్ పెట్టుకుని చేయండి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే చెప్పింది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్రైండర్ ఆడిస్తే ఆ ధూళి పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. ఆ భాగం వర్క్‌షాప్‌లో చేయించుకుని, మిగతాది ఇంటికి తెచ్చుకోవడం మేలు.

మిగతాదంతా చేతి పనిముట్లదే. గరుకు ఆకురాయి, స్పోక్‌షేవ్ (రెండు పిడులతో పట్టుకుని వంపుల మీద లాగే చిన్న చిత్రిక), ఉలి, స్క్రేపర్ (చెక్కను పలచగా గీకే ఉక్కు రేకు). ఎస్‌జేపీ రోడ్డులో తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉండే ఆకురాయి ఒక్కటి మంచిది కొనండి, మిగతా వాటిలో పొదుపు చేసినా పర్వాలేదు. స్పోక్‌షేవ్ ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి లాగాలి. ఎదురు లాగితే నార లేచి చిరుగుతుంది. లోపలికి వంగిన చోట రెండు వైపుల నుంచీ దిగి పల్లంలో కలుసుకోవాలి.

నున్నదనం కంటితో తెలియదు. గదిలో లైట్లు ఆపి, టార్చ్‌ను చెక్కకు ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ప్రతి ఎగుడుదిగుడూ నీడ వేస్తుంది. తర్వాత కళ్లు మూసుకుని అరచేత్తో నిమరండి. కన్ను వదిలేసినదాన్ని చెయ్యి పట్టుకుంటుంది. ఉప్పుకాగితం 80, 120, 180, 240 వరస తప్పకుండా వెళ్లాలి. 120 దగ్గర తొందరపడితే ఆ గీతలు నూనె పట్టాక బయటపడతాయి.

రూపం గురించి ఒక మాట. కొత్తగా చేసేవాళ్లు అన్ని అంచులూ గుండ్రం తిప్పేస్తారు. కుర్చీ అరిగిపోయిన సబ్బులా తయారవుతుంది. చెయ్యి మొదలు నుంచి కొస దాకా ఒక పదునైన అంచు గీతను ఉంచండి. దాని ఒక వైపు మెత్తటి ఒంపు, ఇంకో వైపు లోతు. వెలుగు ఆ గీత దగ్గర విరుగుతుంది, ఒంపు ఉందని కంటికి తెలిసేది దాని వల్లే. ఆ గీతను చివరిదాకా కాపాడుకోవడమే ఈ పనిలో కష్టమైన భాగం. ఉప్పుకాగితంతో ఒక్క నిమిషం పరాకుగా ఉంటే పోతుంది, అందుకే అక్కడ కాగితాన్ని చెక్క ముక్కకు చుట్టి వాడండి.

విరిగిన రెండు చేతుల్ని అతికించి వాడొద్దు. వాటిని నమూనాలుగా ఉంచుకోండి. అసలు పలక మీదికి వెళ్లే ముందు చవక చెక్క మీద ఒక చెయ్యి, దాని జాయింట్‌తో సహా చేసి చూడండి. కూర్గ్, చిక్కమగళూరు కాఫీ తోటల నుంచి వచ్చే సిల్వర్ ఓక్ ఇక్కడ దొరుకుతుంది. పనస ఇంకా బాగుంటుంది. బొబ్బిలి వీణలు చేసేది పనస మొద్దుతోనే, ఉలికి మెత్తగా తెగుతుంది. ఏ చెక్కో తేల్చుకోలేకపోతే మల్లేశ్వరంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చెక్క జాతిని గుర్తించే నిపుణులున్నారు. వీలైతే ఒకరోజు బెంగళూరు దగ్గరే ఉన్న బొమ్మల ఊరు చెన్నపట్టణ వెళ్లి తరిమెన పని చూడండి. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే అక్కడా వాడతారు. కుర్చీకి ఆ కర్ర పనికిరాదు గానీ, ఉలి కోణం మారితే చెక్క ముఖం ఎలా మారుతుందో అక్కడ బాగా కనిపిస్తుంది. తర్వాతి కుర్చీ రోజ్‌వుడ్‌తో చేయాలని ఉందని రాశారు. కొంటే బిల్లు, రవాణా పర్మిట్ వివరాలు తప్పకుండా తీసుకోండి. 2017 నుంచి మన రోజ్‌వుడ్ సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, విదేశాల్లో ఉన్నవాళ్లకు పంపాలంటే కాగితాలు అడుగుతారు.

పాలిష్ సంగతి. పైన మందంగా పొర కట్టే మెలమైన్, మెరిసే పీయూ (పాలీయురెథేన్) పూతలు వద్దు. ఇంత కష్టపడి చెక్కిన ఒంపు మీద ప్లాస్టిక్ పొర వేసినట్టవుతుంది, గీత పడితే బాగుచేయడమూ కష్టం. టంగ్ ఆయిల్, ఉడికించిన అవిసె నూనె, పాలీయురెథేన్ వార్నిష్ మూడూ సమపాళ్లలో కలిపి గుడ్డతో రుద్దే పద్ధతి మలూఫ్ వాడినదే. పూసి, కాసేపు ఆగి, పైన మిగిలినదంతా తుడిచేయాలి. రోజుకు ఒక పూత చొప్పున మూడు నాలుగు పూతలు. కొబ్బరి నూనె రాయమని ఇంట్లో ఎవరైనా చెప్తే వినకండి. అది ఎప్పటికీ ఆరి గట్టిపడదు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేయకండి. ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విప్పి బయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచి తర్వాత పారేయండి.

పలక తేమ శాతం, నాన్నగారి మోకాలి మడత నుంచి నేల దాకా కొలత, ఆయన కాళ్లు మడుచుకుని కూర్చుంటారా లేదా, ఈ మూడూ రాయండి. సీటుకు పలకలో ఏ భాగం కోయాలో, వెనక్కాలి జాయింట్ ఎంత లోతు పెట్టాలో బొమ్మ గీసి పెడతాను. అప్పటిదాకా మిగిలిన పలక మీద రంపం పెట్టకండి.